మంగళం పాడని నాటకం

నా పని చప్పుళ్లు తీసేయడం. పాత రికార్డింగుల్లో దగ్గులు, ఫ్యాను గరగర, కుర్చీ ఈడ్చిన మోత, వీధిలో ఆటో హారను... వీటన్నిటినీ ఏరి పారేసి మనిషి మాట ఒక్కటే మిగిలేలా చేస్తాను. బియ్యంలో రాళ్లు ఏరడం లాంటిదే. పెళ్లి వీడియోలు, చర్చి పాటలు, ఎవరివో తాతగారి ఉపన్యాసాలు వస్తుంటాయి. మౌలాలిలో రైల్వే కాలనీ వెనక మాది రెండు గదులు, ఓ వంటగది ఉన్న ఇల్లు. ముందు గదిలో అమ్మ ఉంటుంది. వెనక గదిలో, కిటికీకి పాత పరుపు అడ్డం పెట్టుకుని, నేను ఉంటాను.

నాన్న పోయి పద్నాలుగు నెలలైంది. పేరు ఐజాక్, రైల్వేలో గుమాస్తాగా రిటైరయ్యారు. సమాధి చేసిన రోజున నేను ఏడవలేదు. కుర్చీలు ఎన్ని తెప్పించాలి, పాస్టరుగారికి కారు ఎవరు పంపాలి అని చూసుకుంటూ తిరిగాను. తర్వాతైనా ఏడుపు వస్తుందనుకున్నాను. రాలేదు. పన్ను పీకించుకుని వచ్చాక చెంప మొద్దుబారి ఉంటుందే, లోపలంతా అలా ఉండిపోయింది. గిల్లితే తెలుస్తుంది, నొప్పి మాత్రం ఉండదు.

అమ్మ పేరు ప్రేమమణి. డెబ్బై మూడేళ్లు. నాన్న పోయిన రోజు నుంచి ఒక్క మాటా మాట్లాడలేదు. ముగ్గురు డాక్టర్లకు చూపించాను. గొంతు బాగుందన్నారు, తల స్కానింగు బాగుందన్నారు, దిగులేమో అని మాత్రలు రాశారు. పెడితే తింటుంది, పిలిస్తే చూస్తుంది. ఏదైనా అడిగితే మాత్రం మెల్లగా ఎడమ భుజం మీంచి వెనక్కి తిరిగి చూసి, కాసేపు ఆగి, మళ్లీ ముందుకు తిరుగుతుంది. నాన్న కోసం వెతుక్కుంటోంది పాపం, అనుకునేదాన్ని.

ఆ చూపు ఆమెకు కొత్త కాదు. నా చిన్నప్పుడు పాలవాడు “రేపు ఎన్ని ప్యాకెట్లమ్మా” అని అడిగినా అమ్మ అలాగే వెనక్కి చూసేది. నాన్న వెనకాల నిలబడి ఏదో గొణిగేవారు. అప్పుడు అమ్మ జవాబు చెప్పేది. నాన్న డ్యూటీలో ఉంటే ఎవరొచ్చినా నవ్వి ఊరుకునేది. “ఈవిడ మొగుడు చెప్పందే తుమ్మను కూడా తుమ్మదు” అని చర్చిలో ఆడవాళ్లు ఆట పట్టించేవాళ్లు. అలాంటి మనిషి నేను పుట్టకముందు స్టేజీ మీద రాణి వేషాలు వేసిందంటే నాకు నవ్వొచ్చేది. నవ్వు వచ్చే రోజుల్లో.

శనివారం పొద్దున హరికిషన్ అన్న వచ్చాడు. రెజిమెంటల్ బజార్‌లో మైకుసెట్ల దుకాణం ఆయనది. చేతిలో పెన్‌డ్రైవు.

“చెల్లే, గిది జెర చూడు. మా బాపు ఆడిన టీవీ నాటకం దొరికింది.”

వాళ్ల నాన్న బ్రహ్మచారిగారు పగలు బంగారం పని చేసేవారు, సాయంత్రాలు నాటక సమాజం నడిపేవారు. ఊళ్లోకి టీవీ వచ్చిన కొత్తలో, డెబ్బై తొమ్మిదిలో, పేరున్న స్టేజీ నాటకాలను స్టూడియోలో ఆడించి టేపు మీద పట్టేవారట. అలా వీళ్ల ‘కోట తాళం’కి పిలుపు వచ్చింది. రాజు బ్రహ్మచారిగారు. రాణి మా అమ్మ. తెర పక్కన పుస్తకం పట్టుకుని నటులకు మాట అందించే ప్రాంప్టరు మా నాన్న.

“వచ్చే ఆదివారం బాపుకు నూరేండ్లు నిండుతయి. హాల్ల పెద్ద తెర మీద ఏస్తున్నం. గానీ మీ నాయిన గొంతు సుత వినొస్తుంది. రాణి కంటె ముందుగాల ఆయన చెప్తుండు. జనం నవ్వుతరు చెల్లే. ఆ గుసగుస తీసెయ్యి.”

“తీసేస్తానన్నా.”

స్టేజీ మీదైతే ప్రాంప్టరు గొంతు జనానికి వినిపించదు. స్టూడియోలో పైనుంచి వేలాడే మైకుకి అన్నీ ఒక్కటే కదా.

వెళ్తూ వెళ్తూ అమ్మ దగ్గర ఆగాడు. “పెద్దమ్మా, మంచిగున్నవా?”

అమ్మ ఎడమ భుజం మీంచి వెనక్కి చూసింది. ఆగింది. మళ్లీ ముందుకు తిరిగింది. హరికిషన్ అన్న మొహంలో నవ్వు పోయింది. గేటు దాకా వచ్చాక గొంతు తగ్గించి అడిగాడు.

“ఇంకా అట్లనే చూస్తదా?”

“ఇంకా అంటే?”

“బాపు చెప్తుండె. ఆ దినం టీవీ వాళ్లు టైమ్ అయిపోయిందని ఆఖర్ల మంగళం పాడనియ్యలేదంట. లైట్లు బంద్ చేసిన్రు. మంగళం పాడినంకనే ప్రాంప్టరు పుస్తకం మూయాలె, అది మా సమాజం కాయిదా. పుస్తకం మూయకుంటె వేషం దిగదంటరు. మీ నాయిన ఆ పుస్తకం అట్లనే తెరిచి పట్టుకొని ఇంటికి వచ్చిండంట.”

“మళ్లీ ఒకసారి ఆడి మూసేయొచ్చు కదా.”

“బాపు మస్తుసార్లు అడిగిండు. రాణి ఒప్పుకోలేదు.” గేటు తీశాడు. “ఒప్పుకోలేదని మీ నాయిన చెప్పిండు. గవన్నీ పాత ముచ్చట్లు తియ్యి. పరేషాన్ గాకు.”

ఆ పుస్తకం నాకు తెలుసు. బీరువా మీద, తెల్ల గుడ్డ కింద, మధ్యలో ఎర్ర పెన్సిలు పెట్టి తెరిచి ఉంటుంది. నాన్న దాన్ని ఎవరినీ ముట్టనిచ్చేవారు కాదు. ఆయన పోయాక ఇల్లు సర్దినప్పుడు దాని చుట్టూ దుమ్ము తుడిచి వదిలేశాను. నమ్మకం ఉండి కాదు, బద్ధకం.

ఆదివారం చర్చి నుంచి వచ్చి, అమ్మకు అన్నం పెట్టి, రెండింటికి పనిలో కూర్చున్నాను. బయట వాన పడేలా మబ్బు పట్టి ఉంది. వెనక గదిలో పరుపు వల్ల పగలైనా చీకటే. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఫైలు తెరిచాను.

బొమ్మ మసక మసకగా ఉంది. అట్టతో చేసిన కోట, వెనక గుడ్డ మీద గీసిన చంద్రుడు. కథ చిన్నదే. రాజు యుద్ధంలో చనిపోతాడు. కోట తాళం రాణి చేతికి వస్తుంది. ఒక సాయంత్రం కోట బయటి నుంచి రాజు గొంతు పిలుస్తుంది, వచ్చాను తలుపు తియ్యమని. అది రాజు కాదని కోటలో అందరికీ తెలుసు. రాణికీ తెలుసు. ఆ గొంతు ఎవరిదో నాటకం చివరిదాకా చెప్పదు.

రాణి ప్రతి మాటకీ అర క్షణం ముందు నాన్న గొంతు వస్తోంది. ఆ గుసగుసను వేరు చేసి ఇంకో ఫైలులో పెట్టాను. తీసి పారేసే ముందు ఒకసారి వినాలి, అది నా పద్ధతి. పద్నాలుగు నెలల తర్వాత నాన్న గొంతు. గుండె ఏమైనా అవుతుందేమోనని చూసుకున్నాను. ఏమీ కాలేదు. పేజీ తిప్పే ముందు వేలు నాలుకకు తడి చేసుకునే చప్పుడు గమనించాను. రెండో అంకంలో ఊపిరి తప్పుగా తీసుకున్నారని గమనించాను. నా మీద నాకే అసహ్యం వేసింది.

అప్పుడే హెడ్‌ఫోన్స్ ఒక వైపు మోగడం ఆగిపోయింది. వాటిని లాగేసి స్పీకరు పెట్టాను. గదిలోకి గుసగుస వచ్చింది.

“ఇంకా ఎన్ని రాత్రులు ఈ కోటకు కాపలా...”

ముందు గదిలోంచి గట్టిగా, స్పష్టంగా జవాబు వచ్చింది.

“ఇంకా ఎన్ని రాత్రులు ఈ కోటకు కాపలా!”

అది డెబ్బై మూడేళ్ల గొంతు కాదు.

పరుగెత్తాను. అమ్మ ప్లాస్టిక్ కుర్చీలో నిటారుగా కూర్చుని ఉంది. భుజం మీది తువ్వాలును పైట సర్దుకున్నట్టు పట్టుకుంది. కళ్లలో వెలుగు. వెనక నుంచి తర్వాతి మాట రాగానే అమ్మ అదే మాట అందుకుంది. ఆ తర్వాతది కూడా.

స్పీకరు తెచ్చి ఆమె ఎడమ వెనక స్టూలు మీద పెట్టాను. లాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని ఎదురుగా కూర్చున్నాను. నాటకం నాకు అక్కర్లేదు. నాకు అమ్మ మాట కావాలి. ఏ మాటైనా పరవాలేదు.

ముప్పై ఒకటో నిమిషంలో రాణికి మాటలు లేని చోటు వచ్చింది. అమ్మ పెదాలు ఎండిపోయి ఉన్నాయి. అమ్మా, నీళ్లు తాగుతావా అని అడగబోయాను. నోరు తెరిచానంతే... ఇంకా అడగలేదు...

“దాహం లేదు. నువ్వు కూర్చో.”

గుసగుస.

“దాహం లేదు,” అంది అమ్మ నన్ను చూస్తూ. “నువ్వు కూర్చో.”

ఫైలు వెనక్కి తిప్పాను. ఆ మాట అందులో ఉంది. నలభై ఐదేళ్ల కిందటి టేపులో. నాటకంలో రాణి దాసితో అన్న మాటేమో అని సర్దిచెప్పుకున్నాను. కానీ తెర మీది బొమ్మలో ఆ చోట రాణి పెదాలు కదల్లేదు.

ఇంకొకటి అడిగాను. అడగకూడదని తెలుస్తూనే ఉంది.

“అమ్మా... నేనెవరిని?”

నా మాట పూర్తయ్యేసరికే గుసగుస వచ్చేసింది.

“జెరూషా. నా కూతురు.”

“జెరూషా,” అంది అమ్మ. “నా కూతురు.”

ఆ టేపు పట్టిన రెండేళ్లకు నేను పుట్టాను.

భయం వేస్తోందని తెలుస్తోంది. ఎక్కడో దూరంగా, పక్కింట్లో కుక్కర్ కూత విన్నట్టు తెలుస్తోంది. దానికంటే ముందు ఇంకొకటి తట్టింది. ఇంట్లో నన్ను ఎవరూ జెరూషా అనరు. ఆ పేరు రేషన్ కార్డులో ఉంది, చర్చి రిజిస్టరులో ఉంది. నాన్నకి నేను పాపని. ఆసుపత్రిలో ఆఖరి రోజున కూడా “పాపా, ఫ్యాను తగ్గించు” అన్నారు.

గొంతులు గుర్తుపట్టడమే నా వృత్తి. చెవి స్పీకరుకి ఆనించి విన్నాను. గొంతు నాన్నదే. జీర నాన్నదే. కానీ చాలాసేపటి నుంచి పేజీ తిప్పిన చప్పుడు లేదు. వేలు తడి చేసుకున్న చప్పుడూ లేదు.

ఆపేద్దామని చెయ్యి చాచాను.

“జెరూషా,” అంది అమ్మ, గుసగుస వెంటే. “తిన్నావా?”

పద్నాలుగు నెలలుగా ఆ మాట నన్ను ఎవరూ అడగలేదు. మొద్దుబారిన చోట సూది గుచ్చినట్టయింది. చెయ్యి వెనక్కి తీసుకున్నాను. “తిన్నానమ్మా,” అన్నాను. తినలేదు.

తెర మీద ఆఖరి రంగం నడుస్తోంది. రాణి చేతిలో అట్ట తాళం. బొమ్మ ఉన్నట్టుండి తెగిపోయింది. లైట్లు ఆర్పిన చోటు అదే అయ్యుంటుంది. ఫైలు అయిపోయింది. స్పీకరు మీది చిన్న దీపం కూడా ఆరిపోయింది.

అమ్మ లేచి నిలబడింది.

గుసగుస వచ్చింది. స్పీకరులోంచి కాదు. స్టూలుకీ గోడకీ మధ్య... మనిషి నిలబడేంత చోటు ఉంది... అక్కడి నుంచి.

“నువ్వెవరివైనా సరే, వస్తున్నాను. తలుపు తీయండి.”

“నువ్వెవరివైనా సరే, వస్తున్నాను!” అమ్మ వీధి తలుపు వైపు నడిచింది. “తలుపు తీయండి!”

తలుపు కింద సందులోంచి వెలుగు పడుతోంది. మబ్బు పట్టిన మధ్యాహ్నం వెలుగు కాదది. తెల్లగా, వేడిగా ఉంది. దీపాల మీద దుమ్ము మాడిన వాసన. మొహాలకు రాసే పౌడరు వాసన. నేను అమ్మ నడుం పట్టుకున్నాను. నన్ను ఈడ్చుకుంటూ వెళ్లింది. ఆమె వేళ్లు గడియ మీద పడ్డాయి. అవతల ఎవరూ తట్టడం లేదు. ఎవరో ఊరికే నిలబడి ఉన్నారు... తీస్తారని తెలిసి.

ఎలాగో ఆమెను కుర్చీలోకి తోసి బీరువా దగ్గరికి పరుగెత్తాను. గుడ్డ లాగేశాను. పుస్తకం ఆఖరి పేజీ దగ్గర తెరిచి ఉంది, ఎర్ర పెన్సిలు మధ్యలో. రాణి ఆఖరి మాట కింద నాన్న దస్తూరీలో ‘మంగళం’ అని రాసి, నాలుగు పంక్తులు. మా చర్చిలోనూ ఆరాధన చివర మంగళం పాడతారు. రాగం కష్టం కాదు. నాలుగు పంక్తులు పాడి, పుస్తకం మూస్తే సరి. నోరు తెరిచాను.

అప్పుడు అర్థమైంది.

పాలవాడికి చెప్పిన జవాబు. నా స్కూలు టీచరుతో మాట్లాడిన మాటలు. జ్వరం వచ్చినప్పుడు నా పక్కన కూర్చుని చెప్పినవన్నీ. అన్నిటికీ ముందు నాన్న వెనకాల గొణిగేవారు. ఆ లైట్లు ఆరిన రోజు నుంచి అమ్మ సొంతంగా ఒక్క మాటా అనలేదు. వేషం దిగని మనిషికి నలభై ఏళ్లకు పైగా నాన్న మాట అందిస్తూ వచ్చారు. పుస్తకం మూస్తే రాణి దిగిపోతుంది. దిగిపోయాక ఆ కుర్చీలో ఎవరు మిగులుతారు? ఆవిణ్ని నేను ఎప్పుడూ చూడలేదు. నాకు తెలిసిన అమ్మంతా ఈ వేషమే. “తిన్నావా” అని అడిగేది కూడా.

నేను పాడలేదు. ఎర్ర పెన్సిలు ఉన్న చోటే ఉంచి గుడ్డ కప్పేశాను. వీధి తలుపుకి లోపల నుంచి తాళం వేసి, తాళంచెవి మెడలో సిలువ ఉన్న గొలుసుకే కట్టుకున్నాను. కాసేపటికి వెలుగు పోయింది. వాన మొదలైంది.

హరికిషన్ అన్నకి ఫోను చేసి ఫైలు పాడైపోయిందని చెప్పాను.

“నాటకం అయిపోయినంక అందరం కల్సి మంగళం పాడుదమనుకున్నం చెల్లే. అప్పుడు పాడనిది. బాపుకు గదొక్కటే తక్లీఫ్ ఉండె.”

సిగ్గేసింది. అదీ కాసేపే.

ఇప్పటికి ఇరవై రోజులైంది. అమ్మ మాట్లాడుతోంది. పక్కింటి ఎలీనా ఆంటీ వచ్చి అమ్మ చేతులు పట్టుకుని ఏడ్చింది. చర్చిలో కృతజ్ఞతా ప్రార్థన చేశారు. “జెరూషా, తిన్నావా.” “జెరూషా, తల దువ్వుకో.” ప్రతి మాటకీ అర క్షణం ముందు ఎడమ వైపు నుంచి గుసగుస వస్తుంది. ఇంకెవరికీ వినపడదు. నేను పట్టించుకోవడం మానేశాను. ఎవరు అందిస్తున్నారని అడగడం కూడా మానేశాను. రోజూ మధ్యాహ్నం మూడుంపావుకి తలుపు కింద ఆ వెలుగు వస్తుంది. అమ్మ లేచి ఆఖరి మాట అంటుంది. నేను తాళంచెవి గుప్పిట్లో బిగించి పట్టుకుంటాను. ఐదు నిమిషాలు. తర్వాత టీ పెడతాను.

నిన్న కూడా వెలుగు వచ్చింది. గుసగుస వచ్చింది.

“నువ్వెవరివైనా సరే, వస్తున్నాను...”

అమ్మ లేవలేదు. ఎడమ వైపు చూడలేదు. నన్ను చూసింది. పక్క నటి మాట మరిచిపోతే తోటివాళ్లు చూస్తారే, అలా చూసింది.

గుసగుస మళ్లీ వచ్చింది. ఈసారి మెల్లగా, కొత్తవాళ్లకు అందించినట్టు. నా వెనక నుంచి. మెడకు దగ్గరగా.

“నువ్వెవరివైనా సరే, వస్తున్నాను,” అన్నారెవరో గట్టిగా. “తలుపు తీయండి!”

ఆ గొంతు గది గోడలకు తగిలి నా చెవిలో పడ్డాక తెలిసింది, అన్నది నేనే. నేను తలుపు దగ్గర ఉన్నాను. తాళం ఊడి చేతిలో ఉంది. తీసినట్టు గుర్తు లేదు. గడియ మీద నా వేళ్లు ఉన్నాయి. సమయం అయిపోయినట్టుంది, వెలుగు ఆరిపోయింది.

ఇది రాస్తున్నప్పుడు మూడు కావస్తోంది. అమ్మ వంటగదిలో గిన్నెలు తీస్తోంది. పద్నాలుగు నెలల్లో ఆమె వంటగదిలోకి వెళ్లడం ఇదే మొదలు. ఇందాక తలుపు దగ్గరికి వచ్చి నన్ను పిలిచింది.

“పాపా, టీ పెట్టనా?”

ముందు గుసగుస రాలేదు. పాపా అంది. కొంచెం బొంగురుగా, ముసలిగా ఉంది. ఆ గొంతు నేను ఎప్పుడూ వినలేదు.

పెట్టమ్మా అందామని నోరు తెరిచాను. మాట రాలేదు.

మెల్లగా ఎడమ భుజం మీంచి వెనక్కి చూశాను.